మీ ప్రశ్నకు బతాకా ఉందా?

2025 మార్చి 15న అసెంబ్లీలో తెలంగాణ ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి గారు తేల్చేశారు. జర్నలిస్టుల జాబితా ఒకటి ఇమ్మన్నారు. అందులో పేరున్నవాళ్లే జర్నలిస్టులు, లేనివాళ్లు నేరస్థులు, వాళ్లకు చేయాల్సిన మర్యాద వేరే ఉంటుంది. బట్టలూడదీయడం గురించి కూడా సెలవిచ్చారు గానీ, అది రంజాన్ నెల, ఆ ముక్క జోలికి నేను పోను.

హైదరాబాద్‌లో కొందరు ఉలిక్కిపడ్డారట. ఒమన్‌లోని సోహార్‌లో మాకు ఆశ్చర్యమేమీ కలగలేదు. చేతిలో బతాకా (గుర్తింపు కార్డు), వెనక కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) ఉంటేనే ఇక్కడ మనిషి లెక్క. లేకపోతే ఖల్లివల్లి, అంటే కాగితాల్లేని మనిషి. గల్ఫ్ నుంచి తెలంగాణకు డబ్బే వెళ్తోందనుకున్నాం, పాలనా పద్ధతులు కూడా వెళ్తున్నాయని తెలియదు.

అయితే జాబితా ఒక్కటే చాలదు సార్. మిగతా ఏర్పాట్లు మా అనుభవంతో చెబుతాం, రాసుకోండి.

ముందు సచివాలయం పక్కన ఒక సనద్ ఆఫీసు తెరవాలి. ఒమన్‌లో ఏ కాగితం కదలాలన్నా మేం వెళ్లి నిలబడేది అక్కడే. ప్రశ్న తెచ్చినవాణ్ని గుమస్తా మొదట కఫీల్ పేరు అడుగుతాడు. ప్రశ్నకు కఫీల్ అంటే చానల్ యజమాని. కంపెనీ వీసా మీద దిగిన ప్రశ్న కంపెనీ చెప్పిన చోటే పనిచేయాలి. ఒక పార్టీ చానల్ ప్రశ్న రెండో పార్టీ వాళ్ల గుమ్మంలోనే నిలబడాలి, సొంత పార్టీ వీధిలోకి రాకూడదు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇది ఎప్పటినుంచో దివ్యంగా అమలవుతోంది కాబట్టి కొత్త జీవో అక్కర్లేదు.

తర్వాత మెడికల్. గల్ఫ్ వీసాకు తీసినట్టే ప్రశ్నకు ఎక్స్‌రే తీయాలి. రుణమాఫీ, రైతు భరోసా, ఆరు గ్యారంటీల మచ్చ ఏ మూల కనిపించినా అన్‌ఫిట్. ‘ఇంత పని ఒత్తిడిలోనూ ఇంత ఉత్సాహంగా ఎలా ఉంటారు సార్?’ అన్నదానికి అక్కడికక్కడే ఫిట్ ముద్ర.

ఇక యూట్యూబ్ వాళ్లు, బ్లాగుల వాళ్లు. వీళ్లది ఆజాద్ వీసా, అంటే ఏ యజమాని దగ్గరా కుదురుగా పనిచేయని బాపతు. థంబ్‌నెయిల్‌లో ఒకటి, లోపల ఒకటి పెట్టి బతికేవాళ్లు వీళ్లలో ఉన్నారు. బతాకా ఉన్నవాళ్లలోనూ ఉన్నారనుకోండి, వాళ్ల పేర్లు జాబితాలో ఉంటాయి గనక అది నేరం కాదు. ఆజాద్ వాళ్ల కోసం తెల్లవారకముందే చెకింగ్ చేయాలి. అదీ మొదలైంది. ముఖ్యమంత్రిని తిట్టిన వీడియో పెట్టారని 2025 మార్చి 12న పోలీసులు పల్స్ న్యూస్ యూట్యూబ్ చానల్ రేవతి ఇంటికి చీకటితోనే వెళ్లారు. ఆమెతో పాటు ఆ చానల్ రిపోర్టర్ తన్వీ యాదవ్‌నూ అరెస్టు చేశారు.

పక్కనున్న ఆంధ్రప్రదేశ్ సలహా కూడా తీసుకోవచ్చు. 2017లో పొలిటికల్ పంచ్ ఫేస్‌బుక్ పేజీ రవికిరణ్‌ను అరెస్టు చేసింది ఒక పార్టీ ప్రభుత్వం. 2019లో జీవో 2430 తెచ్చి, వార్తల మీద కేసులు పెట్టే అధికారం శాఖల కార్యదర్శుల చేతికిచ్చింది ఇంకో పార్టీ ప్రభుత్వం. అర్బాబ్ (యజమాని) మారతాడు, డ్యూటీ మారదు.

ఒక్క చిక్కుంది. కాంట్రాక్టు ముగిసిన పనివాడు కఫీల్‌ను మార్చుకోవడానికి ఎన్‌వోసీ అక్కర్లేదని 2021 జనవరి నుంచి ఒమనే నిబంధన మార్చేసింది. ఇక్కడ వదులు చేసిన తాడును మీరు అక్కడ బిగిస్తున్నారు.

ఇంకో చిక్కు. జాబితాలో ఉన్నవాళ్లు అడగరన్న పూచీ లేదు. ఒమన్‌లో అజ్జమన్ లైసెన్సున్న దినపత్రికే. 2016లో న్యాయవ్యవస్థలో అవినీతి గురించి రాసింది, ముగ్గురు పాత్రికేయులు అరెస్టయ్యారు, పత్రిక మూతపడింది. జాబితాలో లేనివాళ్లు ఊరుకుంటారన్న పూచీ అంతకన్నా లేదు. 2011 ఫిబ్రవరిలో మా సోహార్ గ్లోబ్ రౌండబౌట్ దగ్గర ఉద్యోగాల గురించి, అవినీతి గురించి అడిగిన కుర్రాళ్లలో ఎవరి జేబులో అక్రెడిటేషన్ కార్డుంది? అక్కడ ప్రాణం పోయింది. ఆ నిరసనలు రేగాకే 50 వేల ఉద్యోగాల ప్రకటన వచ్చింది, మంత్రులు మారారు.

కేసీఆర్ హయాంలో జైలుకెళ్లొచ్చిన క్యూ న్యూస్ యూట్యూబ్ చానల్ తీన్మార్ మల్లన్నకు 2024లో మీ కాంగ్రెస్ పార్టీయే ఎమ్మెల్సీ టికెట్ ఇచ్చింది. అప్పుడు ఏ జాబితా చూశారు?

వెటకారం చాలు. ఆ వీడియోలో మిమ్మల్ని తిట్టింది రేవతి కాదు, ఒక రైతు. బూతు ఉంది, నిజమే. దానికి పరువునష్టం చట్టం ఉంది. మైకు పట్టుకున్న ఆడవాళ్ల మీద వ్యవస్థీకృత నేరాల సెక్షన్ ఎందుకు పెట్టినట్టు? పెద్ద చానళ్లలో ఒక్కటైనా ముందే వెళ్లి ఆ రైతు గోడు వినుంటే, ఆయనకు యూట్యూబ్‌తో పనేముంది? మేం పరాయి దేశానికి కూలికొచ్చినవాళ్లం. నోరు కట్టుకుని బతకడం తెలిసే విమానం ఎక్కాం. ఆ రైతు ఉన్నది సొంత ఊళ్లో, సొంత చేలో. ఆయనకు కఫీల్ ఎవరు? మీరా? ఓటు కోసం ఆయన గడపకొచ్చిన రోజున మీ పార్టీ వాళ్లు పట్టుకొచ్చింది ఓటర్ల జాబితా. మిమ్మల్ని అడగడానికి ఆ అర్హత చాలు. ఆ ఇద్దరినీ అరెస్టు చేయాల్సింది కాదు. ఆయన తిట్టు సంగతి కోర్టు చూసుకుంటుంది, అడిగినదానికి మాత్రం మీరే జవాబు చెప్పాలి.