తొక్కని సైకిలుకి తొంభై నియమాలు

మా రోజుల్లో సైకిలుకి కావలసినవి రెండే: చక్రాల్లో గాలి, కాళ్ళలో సత్తువ. ఇప్పుడు బోస్టన్‌లో మా అబ్బాయి కొన్న ఎలక్ట్రిక్ సైకిలుందే, దాని బ్యాటరీకున్న పథ్యాలు బాలింతకి కూడా ఉండవు. తడిగా ఉంటే ఛార్జింగ్ పెట్టకూడదు. గడ్డకట్టే చలిలో పెట్టకూడదు. పరాయి ఛార్జర్ తగిలించకూడదు. పెట్టి పడుకోకూడదు. గుమ్మానికి అడ్డంగా అసలే పెట్టకూడదు. లిథియం అంటుకుందంటే బయటపడే దారి ఉండాలిగా!

సైకిలు మీద కరెంటు మాకూ తెలుసు. డైనమోని టైరుకి ఆనిస్తే గుర్రుమంటూ తిరిగేది. ఎంత తొక్కితే అంత వెలుగు, ఆగితే చీకటి. దీపం లేకుండా దొరికామో, పోలీసాయన వాల్వు పీకి గాలి తీసేవాడు. బండి తోసుకుంటూ ఇంటికి రావడమే జరిమానా.

ఈమధ్య మెయిన్ రాష్ట్రంలోని అకాడియా నేషనల్ పార్కుకి తీసుకెళ్ళారు. అక్కడి గుర్రపు బగ్గీల రోడ్లు చూసి తీరాలి. తండ్రి చమురు వ్యాపారంలో గడించిన సొమ్ముతో జాన్ డి. రాక్‌ఫెల్లర్ జూనియర్ 1913 నుంచి 1940 దాకా వేయించాడు. పార్కులో 45 మైళ్ళు. మోటారు కారు మాత్రం రాకూడదన్నాడు. అంచుల వెంట పాతిన గ్రానైట్ రాళ్ళని జనం ‘రాక్‌ఫెల్లర్ పళ్ళు’ అంటారు. చమురు కోటీశ్వరుడే గుమ్మం బయట నిలబెట్టిన మోటారు, ఇప్పుడు సైకిలెక్కి లోపలికొచ్చేసింది!

“అన్నీ రావు తాతయ్యా, క్లాస్ వన్ ఒక్కటే” అంటాడు మనవడు. అంటే తొక్కితేనే మోటారు ఊతమిస్తుంది, గంటకు 20 మైళ్ళు దాటితే మానేస్తుంది. యాక్సిలరేటర్ తిప్పితే పరిగెత్తే రెండో రకానికీ, 28 మైళ్ళ దాకా ఊతమిచ్చే మూడో రకానికీ ప్రవేశం లేదు. సైకిళ్ళలో కూడా ఫస్టు క్లాసూ సెకండు క్లాసూనా! పైగా చప్పుడు చెయ్యకుండా వెనకనుంచి దూసుకొస్తారు. బెల్లుంది కదర్రా, కొట్టడానికీ ఛార్జింగ్ కావాలా?

నేషనల్ పార్కులవాళ్ళు 2020లో పెట్టిన నిబంధనల్లో ఒక్క ముక్క నాకు నచ్చింది: కార్లు తిరగని దారిలో, తొక్కడం మానేసి మోటారు మీదే సాగిపోకూడదట. సైకిలెక్కినవాడు తొక్కాలని ప్రభుత్వం చెప్పాల్సొచ్చింది చూశారా! మా రోజుల్లో అందుకు ఏ చట్టమూ అక్కర్లేదు. తొక్కకపోతే బండే కింద పడేసేది.