పడ్డది ఎత్తేవాడు

నల్లజర్ల దగ్గర హైవే మీద ఏది పడితే అది మనవాడి ఆస్తి. నారింజ రంగు జాకెట్టు, తలకి తువ్వాలు, చేతిలో చీపురు. అతగాడి సంపద అంతా ఇంతా కాదండోయ్. లారీ టైర్లు విప్పి పారేసిన రబ్బరు తొడుగులు, ఖాళీ సీసాలు, పగిలిన బొండాలు, గాలికి ఊడిపడ్డ నాయకుల ఫ్లెక్సీలు, రాత్రి ఏదో బండి గుద్దేసిన కుక్కలు. ఒక్కదానికీ రిజిస్ట్రేషన్ ఖర్చు లేదు.

పంపకాలు కూడా ఎప్పుడో అయిపోయాయి. మెట్టలో మొక్కజొన్న కోతలయ్యాక సర్వీసు రోడ్డు కళ్లమైపోతుంది. గింజలు రైతువి, చుట్టూ పేర్చి వదిలేసిన రాళ్లు మనవాడివి. కొల్లేరు చెరువుల్లో పట్టిన చేప ఐసు కప్పుకుని కోల్‌కతా పోతుంది. చేప బెంగాలీ బాబులది, దారిపొడవునా కారే నీళ్లు మనవాడివి. తారుకీ నీళ్లకీ పడదు. ఆ సంగతి ఇంజినీరు పుస్తకంలో చదువుకున్నాడు, మనవాడు గుంటలు పూడ్చి తెలుసుకున్నాడు.

ఎండాకాలం డివైడర్‌లో గన్నేరు మొక్కలకి నీళ్లు పెట్టడం ఇంకో డ్యూటీ. ఎదురొచ్చే బండి లైట్లు డ్రైవర్ల కళ్లలో కొట్టకూడదని వేసిన మొక్కలవి, వాటికి రాచమర్యాదే. ట్యాంకరు వాటి కాళ్లదగ్గరికే వస్తుంది. నీళ్లు పట్టే మనిషి మాత్రం మంచినీళ్ల సీసా ఇంటి దగ్గర్నుంచి తెచ్చుకోవాలి.

ఈలోగా పైవాళ్లు కూడా ఊరికే కూర్చోలేదు. 5వ నంబరు జాతీయ రహదారిని 16 చేశారు. 2022 ఏప్రిల్‌లో గోదారికి పడమటున్న నల్లజర్లని తూర్పు గోదావరిలో కలిపారు. గుండుగొలను నుంచి దేవరపల్లి మీదుగా కొవ్వూరు దాకా నాలుగు వరసలు వేశారు. బోర్డుల మీద ఇన్ని మార్పులు జరిగినా చీపురు మాత్రం పాతదే.

పడ్డదాన్ని ఎత్తడం ఎంత గౌరవమైన పనో లోకానికి తెలిసిన రోజు కూడా ఒకటుంది. 2024 మే 11. పోలింగ్ ఇంకా రెండు రోజులు. మండలంలోని అనంతపల్లి దగ్గర లారీ గుద్ది ఒక చిన్న వ్యాను బోర్లాపడింది. అందులోంచి అట్టపెట్టెలు బయటపడ్డాయి. జనం పోలీసులకి కబురు చేశారు. విప్పి చూస్తే నోట్లు, లెక్కపెడితే 7 కోట్లు! కుక్క చచ్చిపడితే ఈగలు తప్ప ఎవరూ రాని చోటికి ఆ రోజు అధికారులు వచ్చారు, కెమెరాలు వచ్చాయి. పెట్టెకో కాపలా. రోడ్డు మీద ఏది పడితే అది మనవాడిదే అన్న నియమానికి ఆ పూట సెలవు.

పగిలిన అద్దం పెంకులు మాత్రం ఎవరూ సీజ్ చెయ్యలేదు లెండి.

ఆ 7 కోట్లకి ఇంకో లెక్క కూడా ఉంది. 2019లో మోటారు వాహనాల చట్టం సవరించి 198ఏ అని కొత్త సెక్షన్ పెట్టారు. రోడ్డు నిర్మాణంలో, నిర్వహణలో భద్రతా ప్రమాణాలు గాలికొదిలేసినందువల్ల మనిషి చచ్చిపోతే, బాధ్యులైన అధికారికో కాంట్రాక్టరుకో లక్ష రూపాయల దాకా జరిమానా. అంటే అనంతపల్లిలో దొర్లిన అట్టపెట్టెలతో 700 చావుల జరిమానా రొక్కంగా కట్టెయ్యొచ్చు, బేరమాడక్కర్లేదు.

భద్రత అంటే గుర్తొచ్చింది. 2018లో ఇలాంటి రోడ్ల మీద కార్ల గరిష్ఠ వేగం గంటకి 100 కిలోమీటర్లకి పెంచారు. ఆ వేగానికీ మనవాడికీ మధ్య ఉన్న కోటగోడ ఏమిటయ్యా అంటే, వరసగా పెట్టిన నాలుగు ప్లాస్టిక్ కోన్‌లు, ఒక ఎర్రజెండా. స్పీడు కెమెరా కనబడితే బ్రేకు మీదకి పోయే కాలు, జాకెట్టు కనబడితే కదలదు. చెయ్యి కదులుతుంది, హారన్ మీదకి.

రోడ్డుకి అడ్డంగా ఏదైనా పడితే 1033కి ఫోన్ చెయ్యమని బోర్డులు పెట్టారు. ఫోన్ చేస్తే బండి వస్తుంది, అందులోంచి దిగేదీ ఇలాంటి జాకెట్టే. మరి జాకెట్టే పడితే? అప్పుడూ అదే నంబరు, అదే బండి. వెనకాలే మోటార్ సైకిల్ మీద మేస్త్రి వస్తాడు. వచ్చి అడుగుతాడు:

"కోన్‌లు ఎన్ని పోయాయిరా?"