పాతర గడ్డి విషయంలో పెడచెవిన పెట్టాల్సిన సలహాలు

విశాఖ చుట్టుపక్కల పెందుర్తి, ఆనందపురం, సబ్బవరం వైపు పాడి మీద బతికేవాళ్లలో చాలామందికి ఇప్పుడు మేత పెంచుకునే చెక్క భూమి లేదు. పొలాలు లేఅవుట్లయ్యాయి. మొక్కజొన్న సైలేజీ (పాతర గడ్డి) బేళ్లు కొనుక్కోవాల్సిందే. బేలుతోపాటు ఊళ్లో వాళ్ల సలహాలూ వస్తాయి. వాటిలో కొన్ని వింటే కొంప మునుగుతుంది.

"వేడెక్కిందా? మూట విప్పి గాలి ఆడనివ్వు."

అన్నిటికన్నా ఎక్కువ చేటు దీనివల్లే. గడ్డి పాతరలో నిలవుండేదే గాలి లేకపోబట్టి. గాలి అందనప్పుడు కొన్ని బాక్టీరియాలు గడ్డిలోని చక్కెరను లాక్టిక్ ఆమ్లంగా మార్చి పీహెచ్‌ను 4 దగ్గరికి దించుతాయి. ఆ పులుపులో కుళ్లబెట్టేవి బతకలేవు. గాలి తగిలిందో, అణిగి ఉన్న ఈస్టు లేచి ఆ ఆమ్లాన్నే తినేస్తుంది. చేతికి తెలిసే వేడి అదే. గేదె ఒంటికి పట్టాల్సిన శక్తి అలా గాలిలో కలిసిపోతుంది. పులుపు తగ్గాక బూజు వంతు. వేడి మరీ ఎక్కువైతే మాంసకృత్తులు చక్కెరలతో బిగుసుకుపోయి, అరక్కుండా పేడలో పోతాయి. పోర్టులో పనిచేసినవాళ్లకు ఇది కొత్త కాదు. వదులుగా పోసిన బొగ్గు గుట్టలోకి గాలి దూరితే ఎవరూ నిప్పు పెట్టకుండానే లోపల రాజుకుంటుంది. గుట్టను అణగదొక్కేది అందుకే. గడ్డినీ అలాగే తొక్కాలి, గాలి దూరకుండా మూయాలి.

"ఎలాగూ పులిసిందే, ఇంకా పాడయ్యేదేముంది?"

పులియడం వేరు, కుళ్లడం వేరు. మంచి సైలేజీ పసుపు కలిసిన ఆకుపచ్చగా ఉండి కమ్మటి పుల్లవాసన వేస్తుంది. ముదురు గోధుమరంగుకు తిరిగి మాడు వాసన వేస్తే వేడికి దెబ్బతిన్నట్టే.

"పైన బూజు గీకేసి కిందిది వెయ్."

బూజు కంటికి కనిపించేది కొంతే. కొన్ని రకాల బూజు విడిచే అఫ్లాటాక్సిన్ బి1 అనే విషం గేదె కడుపులోకి వెళ్తే పాలలో అఫ్లాటాక్సిన్ ఎం1గా దిగుతుంది. కాచినా పోదు. మన దేశంలో కిలో పాలకు 0.5 మైక్రోగ్రాములు మించకూడదన్నది నిబంధన. మేతను ఎండబెడితే విషం విరిగిపోతుందన్న మాటనూ నమ్మకండి.

"పాడిగేదెకు వద్దులే, వట్టిపోయినదానికి పడెయ్."

ఈ మాట వింటే నాకు కడుపు మండుతుంది. వట్టిపోయిన గేదె చాలాసార్లు చూడితో ఉంటుంది. పులుపు పోయిన సైలేజీలో లిస్టీరియా అనే బాక్టీరియా పెరుగుతుంది. దానివల్ల చూడి గేదె ఈసుకుపోవచ్చు. బుట్టెడు మేత మిగిలిందనుకుంటాం, దూడా పోతుంది, ఆ ఈత పాలూ పోతాయి. చెడినదాన్ని పెంటకుప్పలో వేయండి, ఎరువవుతుంది.

"పెద్ద బేలు కొను, చవక."

పది గేదెలుంటే సరే. రెండే ఉంటే, ఒక్కోటి రోజుకు 15 నుంచి 20 కిలోలు తింటుంది కాబట్టి 50 కిలోల బేలు రెండో రోజుకల్లా అయిపోతుంది. అదే మీకు తగిన బేలు. కావలసినంత తీసి, మిగతా సంచిలో గాలి పిండేసి, మూతి బిగించి నీడన పెట్టండి. సొంత పాతర ఉంటే ఒక మూల తవ్వుకుంటూ పోకుండా ముఖం పొడవునా రోజూ అడుగు మందం తీయండి. కాకో పందికొక్కో కవరుకు చిల్లు పెడితే చూసిన పూటే టేపు అంటించి, మర్నాడు ఆ బేలే ముందు విప్పండి.