అక్కడ మనోళ్ళెవరున్నారేటి?

శ్రీకాకుళం జిల్లాలో సెలవులకి ఎక్కడికైనా వెళ్దామన్న మాట ఇంట్లో పుడితే ఖర్చెంత, రోజులెన్ని అన్న ప్రశ్నలు తర్వాత వస్తాయి. ముందొచ్చేది ఒకటే: "అక్కడ మనోళ్ళెవరున్నారేటి?" ఎవరూ లేరన్న జవాబు రావడం చాలా అరుదు. అందుకే దీవి మంచిదా, మహానగరం మంచిదా అన్న చర్చ ఈ జిల్లాకి వచ్చేసరికి దారి తప్పుతుంది. దీవిలోనూ మనోళ్ళే, నగరంలోనూ మనోళ్ళే. ఎవరింట్లో దిగాలన్నదే అసలు తగవు.

సోంపేట వైపు నుంచి వచ్చి శ్రీకాకుళంలో స్థిరపడ్డ ఓ తపాలా ఉద్యోగి ఇంట్లో ఈ తగవు దసరా నాడు మొదలైంది. ఆయనకి ఎల్టీసీ, అంటే సెలవు ప్రయాణ రాయితీ, ఉంది. సొంతూరి ప్రయాణాన్ని వదులుకుంటే దానికి బదులుగా ఈశాన్య రాష్ట్రాలకో, జమ్మూ కశ్మీర్, లద్దాఖ్‌లకో, అండమాన్‌కో విమానంలో వెళ్ళిరావచ్చని కేంద్రం తన ఉద్యోగులకి ఓ వెసులుబాటు ఇచ్చింది. ఆయన సొంతూరికి ఆర్టీసీ బస్సు చాలు. బస్సు టికెట్టు వదులుకుంటే విమానం ఇస్తున్నారంటే ప్రభుత్వంలో ఎవరో దయగల మనిషి ఉన్నాడని ఆయన తేల్చేశారు. అండమానే అన్నారు.

ఆయన భార్య హైదరాబాద్ అన్నారు. కూకట్‌పల్లిలో ఆవిడ చెల్లెలుంది.

ఆవిడ కన్నవారిది కవిటి. అంటే ఉద్దానం. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఏ మేడెక్కి చూసినా కొబ్బరి, జీడిమామిడి, వాటి వెనక సముద్రం. ట్రావెల్ ఏజెంట్లు రంగుల కాగితాల మీద అచ్చేసి అమ్మేది సరిగ్గా ఇదే. "ఇసకా, కొబ్బరిచెట్లూ సూడ్డానికి విమానమెక్కాలేటి? మా కన్నోరింటి పెరట్లో లేవేటి?" అని ఆవిడ అడిగితే ఆయన దగ్గర జవాబు లేదు. పైగా 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఆ పెరట్లో చెట్లు వరసగా పడిపోయాయి. పడిన చెట్లని ఒక్కొక్కటీ లెక్కపెట్టి కాగితం మీద రాయించుకున్న మనిషి, కొబ్బరిచెట్టుకి ఊయల కట్టిన ఫొటో చూసి పరవశించడం కష్టం. ఈ కొబ్బరికి బీమా ఉందా లేదా అన్న అనుమానమే ముందు వస్తుంది.

ఆయన 'టైమ్' పత్రికని పిలిచారు సాక్ష్యానికి. అండమాన్‌లోని రాధానగర్ బీచి ఆసియాలోకెల్లా గొప్పదని ఆ పత్రిక 2004లోనే రాసిందన్నారు. ఆవిడ ఫోన్లో వెతికి ఇంకో కాగితం తీశారు. 2020 అక్టోబరులో మన దేశంలో ఎనిమిది తీరాలకి ఒకేసారి బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. అందులో రాధానగర్ ఒకటి. విశాఖ రుషికొండ ఇంకొకటి. ఒకే పరీక్షలో పాసైన ఇద్దరిలో ఒకడు పక్కింట్లోనే ఉంటే, రెండోవాణ్ణి చూడ్డానికి సముద్రం దాటడమేమిటని ఆవిడ వాదం. ఆ సాయంత్రం ఆయన టీవీ చూడలేదు.

మర్నాటి నుంచి ఆయన హైదరాబాద్ మీద పడ్డారు. "అది పట్నమేటి? మనదే ఇంకో మండలం" అన్నారు. పూర్తిగా కొట్టిపారేసే మాట కాదు. సంక్రాంతి ముందు సికింద్రాబాద్ స్టేషన్లో ఫలక్‌నుమా, విశాఖ, ఈస్ట్‌కోస్ట్ ఎక్స్‌ప్రెస్‌ల జనరల్ బోగీల ముందు నిలబడి వింటే వచ్చే యాస ఏ జిల్లాదో ఎవరూ చెప్పక్కర్లేదు. సెంట్రింగ్ మేస్త్రీ నుంచి సాఫ్ట్‌వేర్ కుర్రాడి దాకా అందరూ ఆ గుమ్మం దగ్గరే. అలాంటి ఊరికి మార్పు కోసం వెళ్ళడమేమిటని ఆయన గోల. దానికి తోడు సాలార్‌జంగ్ మ్యూజియం గడియారంతో ఆయనకి పాత పేచీ ఒకటుంది. గంట గంటకీ అందులోంచి ఓ చిన్న బొమ్మ బయటికొచ్చి, ఎన్ని గంటలైతే అన్ని దెబ్బలు కొట్టి లోపలికి పోతుంది. దాని కోసం జనం ముందే వచ్చి కూర్చుంటారు. పన్నెండింటికి వెళ్ళినవాడు పన్నెండు దెబ్బలు వింటాడు. ఈయన కుటుంబం బిర్యానీ తినేసి ఒంటిగంటకి వెళ్ళింది. బొమ్మ వచ్చి ఒక్కటి కొట్టి తలుపేసుకుంది.

మధ్యలో ఆయన తల్లి కల్పించుకున్నారు. అండమాన్‌కి ఓడ కూడా ఉందని వినడంతోనే ఆవిడ ముఖం మారింది. "ఓడా? రంగం లాటిదేటి? మీ తాత అలాగే ఓడెక్కి ఎల్నాడు, మూడేళ్ళకి వొచ్చినాడు."

రంగం అంటే రంగూన్. సెలవుల చర్చలో పెద్దావిడ వేసిన ఈ అడ్డంకి వెనక చాలా చరిత్ర ఉంది. హైదరాబాద్ నిజాం ఏలుబడిలో ఉన్న రోజుల్లో ఈ తీరం వాళ్ళకి మహానగరమంటే రంగూనే. కళింగపట్నం, బారువ, భీమిలి రేవుల నుంచి స్టీమర్లు కదిలేవి. అక్కడి రేవులో బరువులు మోసినవాళ్ళలో తెలుగు కూలీలదే పెద్ద వంతు. 1930 మేలో రేవు పని గురించి వాళ్ళకీ బర్మీయులకీ మధ్య పెద్ద అల్లర్లే జరిగాయి. 1942లో జపాన్ సైన్యం రంగూన్ పట్టుకున్నప్పుడు వేలమంది అడవులూ కొండలూ దాటి నడిచి వచ్చారు. తర్వాత బర్మా విడిచి వచ్చినవాళ్ళ గుర్తుగా విశాఖలో బర్మా క్యాంపు అనే పేట ఇప్పటికీ ఉంది. ఆ ఇళ్ళలో పుట్టినవాళ్ళకి సముద్రం దాటడమంటే కూలికి పోవడం. ఎదురు డబ్బిచ్చి దాటడం, అదీ ఏ పనీ చెయ్యకుండా తిరిగి రావడానికి దాటడం, పెద్దావిడ బుర్రకి చివరిదాకా ఎక్కలేదు.

సరదా కోసం ఊరు విడిచిన పూర్వీకుడు ఒక్కడైనా లేడా అని వెతికితే విజయనగరంలో 'కన్యాశుల్కం' నాటకపు గిరీశం తగులుతాడు. సెలవులకి శిష్యుడి వెంట అగ్రహారం వెళ్ళిన పెద్దమనిషి. కాకపోతే ఆయనకి ఊళ్ళో అప్పులుండి వెళ్ళాడు గనక దాన్ని ఎల్టీసీ కింద రాయడానికి వీల్లేదు.

ఇక ప్రయాణం సంగతి. విశాఖ నుంచి శ్రీవిజయపురానికి, అంటే 2024 సెప్టెంబరు దాకా పోర్ట్ బ్లెయిర్ అన్న ఊరికి, సముద్రం మీద 1,200 కిలోమీటర్లు. ఓడ ఇంచుమించు నెలకోటి, ప్రయాణం 56 గంటలు. పెద్దావిడ మాట విన్నాక ఓడ పేరెత్తే ధైర్యం ఎవరికీ లేకపోయింది. విమానమంటే మళ్ళీ విశాఖ పోవాలి. ఇక్కడ నవ్వాలో ఏడవాలో తెలియని విషయం ఒకటుంది. శంషాబాద్ విమానాశ్రయం కట్టిన జీఎంఆర్ అధినేత గ్రంధి మల్లికార్జునరావుది మన రాజాం. రాజాం మనిషి కట్టిన విమానాశ్రయంలో హైదరాబాద్ 2008 నుంచి దిగుతోంది, ఎక్కుతోంది. మనకి దగ్గర్లో భోగాపురం విమానాశ్రయానికి మాత్రం 2019లో ఒక ముఖ్యమంత్రి, 2023లో ఇంకో ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు. ఒకే విమానాశ్రయానికి రెండు శంకుస్థాపనలు చూసిన భాగ్యం విజయనగరం జిల్లాది. రైలుకి పోదామన్నా, శ్రీకాకుళం స్టేషన్ శ్రీకాకుళంలో లేదు, ఆమదాలవలసలో ఉంది.

ఇంటర్ చదివే కూతురు తేల్చేసింది. 2020లో చెన్నై నుంచి సముద్రం అడుగున కేబుల్ వేశారని, దీవిలో ఇంటర్నెట్ ఉందని రూఢి చేసుకున్నాకే తండ్రి వైపు ఓటేసింది. కొడుక్కి హైదరాబాద్ మాల్స్ మీద మనసుంది గాని స్కూబా అన్న మాట వినగానే పార్టీ మార్చేశాడు. ఆవిడ ఒక్కరే మిగిలారు. అయినా ఓడిపోయినట్టు లేరు. పలాస జీడిపప్పు రెండు కిలోలు, భీమాలి మామిడి తాండ్ర ఓ పెట్టె సంచిలో సర్దుతున్నారు. హోటల్‌కి జీడిపప్పెందుకని ఆయన అడిగారు. ఆవిడ ఫోన్ చూపించారు. పిన్నమ్మ కొడుకు ఒకడు జంగ్లీఘాట్‌లో ఇరవై ఏళ్ళుగా ఉంటున్నాడట. తెల్లవారగట్ల విమానాశ్రయానికి వస్తున్నాడట.

ఇందులో వింతేమీ లేదు. 2011 జనగణన నాటికి అండమాన్ నికోబార్ జనాభా 3 లక్షల 80 వేలు. అందులో నూటికి పదమూడు మంది మాతృభాష తెలుగు. అంత దూరం ఎగిరి వెళ్ళి, చేపల బజార్లో ఆవిడ హిందీ కూడబలుక్కుని ధర అడిగితే, గంపలో సగం వంజరాలు, సగం ఐసు పెట్టుక్కూచున్న మనిషి తలెత్తి "మీదే ఊరమ్మా?" అంది. ఆ చేపలామెది బారువ దగ్గర. ధర తగ్గలేదు గాని ముక్కలు కొట్టి, పొలుసు గీకి, ఎవరి కోడలు ఎవరన్నది కనుక్కుని మరీ ఇచ్చింది.

హోటల్ గది తాళం తీసిన పాపాన ఎవరూ పోలేదు. డిసెంబరులో అక్కడ అయిదింటికే పొద్దు గుంకుతుంది. గడియారం ఢిల్లీది, సూర్యుడు వాడి ఇష్టం. ఆరు కాకుండానే చీకటి పడటంతో తమ్ముడింట్లో వంజరం పులుసూ, ఊరి కబుర్లూ ముందుగానే మొదలయ్యేవి. స్వరాజ్ ద్వీప్ వెళ్ళి రాధానగర్ బీచిలో నిలబడ్డాక ఎలా ఉందని ఆయన భార్యని అడిగారు. "బాగానే ఉన్నాది" అన్నారావిడ. ఉద్దానంలో ఇంతకు మించిన మార్కులు లేవు. ఆయన ఆ రోజంతా నవ్వుతూనే ఉన్నారు.

ఆఖరి రాత్రి తమ్ముడు తాండ్ర ముక్క నములుతూ ఆయన పక్కకి జరిగాడు.

"బావా, వొచ్చే వేసవికి పిల్లల్ని ఎక్కడికైనా తిప్పాలి. ఈ ఇసకా సముద్రం సూసి సూసి ఇసుగొచ్చీసింది. హైదరాబాద్ అనుకుంటన్నాం. కూకట్‌పల్లిలో అప్ప చెల్లెలుంది కదేటి, ఆ నంబరు ఓపాలి ఇస్తారా?"