శుక్రుడి మీద నింద
అమెరికా వైమానిక దళం 1952లో ఒహాయోలోని రైట్-ప్యాటర్సన్ స్థావరంలో ప్రాజెక్ట్ బ్లూ బుక్ పెట్టింది. ఆకాశంలో వింత వస్తువు కనిపించిందని ఎవరు రాసినా, అది ఫలానా అని తేల్చి ఫైలు మూయడం దాని పని. 1947 నుంచి ఉన్న పాతవాటితో కలిపి మొత్తం 12,618 ఫైళ్లు పోగయ్యాయి. జవాబు చెప్పాల్సిన సిబ్బంది గుప్పెడు మంది. అందుకని బెలూన్, ఉల్క, విమానం, శుక్రగ్రహం అనే జవాబులు ఎప్పుడూ చేతికందేలా ఉండేవి.

శుక్రుడు మోసిన నిందలు ఇన్నీ అన్నీ కావు. (తెలుగునాట ఆయన కనబడకపోతే మూఢమని పెళ్లిళ్లు ఆపుతారు, అమెరికాలో కనబడితే పోలీసులకు ఫోన్లు వెళ్లాయి.) శుక్రుడి నుంచి ఏకంగా మనిషే దిగాడన్నవాడు జార్జ్ అడమ్‌స్కీ. 1952 నవంబరు 20న కాలిఫోర్నియా ఎడారిలో ఆయనకు ఎదురైన శుక్రవాసికి పొడవాటి బంగారు రంగు జుట్టు ఉందట, అణుబాంబుల బెంగ కూడా ఉందట. మరుసటి ఏడాదే పుస్తకం వచ్చింది, బాగా అమ్ముడుపోయింది. శుక్రుడి నేల మీద వేడి సుమారు 460 డిగ్రీల సెల్సియస్ అని ఆ తర్వాత వ్యోమనౌకలు తేల్చాయి. సీసం కరిగే ఆ వేడిలో జుట్టు ఎలా నిలిచిందో మాత్రం తేలలేదు.

1961 ఏప్రిల్‌లో విస్కాన్సిన్‌లోని ఈగిల్ రివర్‌లో కోళ్లు పెంచే ఒకాయన పెరట్లో ఎగిరే పళ్లెం దిగిందన్నారు. అందులోవాళ్లు మంచినీళ్లు అడిగారట. అంతదూరం వచ్చినవాళ్లు నీళ్లు తెచ్చుకోవడం మరిచారన్నమాట. బదులుగా అప్పుడే కాల్చిన పాన్‌కేకులు ఇచ్చి వెళ్లారట. ఆయన ఒకటి తిని, అట్టముక్కలా ఉందన్నాడు. ఇంకొకటి ప్రయోగశాలకు వెళ్లింది. భూలోకపు పిండితో చేసిన మామూలు పాన్‌కేకే అని నివేదిక వచ్చింది.

1966 మార్చిలో మిషిగన్‌లో పోలీసులు, కాలేజీ విద్యార్థినులతో సహా ఎందరో వింత దీపాలు చూశారు. బ్లూ బుక్ సలహాదారు, ఖగోళ శాస్త్రవేత్త అలెన్ హైనెక్ అది చిత్తడినేలల వాయువు కావచ్చన్నాడు. పత్రికలు వాయువును ఉంచుకుని ‘కావచ్చు’ను వదిలేశాయి. దేశం నవ్వింది. అక్కడి కాంగ్రెస్ సభ్యుడు జెరాల్డ్ ఫోర్డ్ విచారణ కోరాడు. నవ్వులపాలైన హైనెక్ చివరికి సాక్షుల పక్షం చేరి, స్పీల్‌బర్గ్ 1977 సినిమాలో కాసేపు కనిపించాడు కూడా.

అసలు అన్యాయం జరిగింది ఉన్నదున్నట్టు చెప్పినవాళ్లకు. 1955లో సీఐఏ వారి యూ-2 గూఢచారి విమానం 60,000 అడుగులకు పైన ఎగరడం మొదలుపెట్టింది. నాటి ప్రయాణికుల విమానాలు ఎక్కువగా 20,000 అడుగుల్లోపే తిరిగేవి. కింద పొద్దు గూకినా, పైన ఆ రెక్కల మీద ఎండ మెరిసేది. ప్రయాణికుల విమానాల పైలట్లు చూసిందే రాసి పంపారు. బ్లూ బుక్ అధికారులు సీఐఏని అడిగి అది ఆ గూఢచారి విమానమేనని తెలుసుకుని, సాక్షులకు మాత్రం ప్రకృతి చిత్రమని జవాబిచ్చారు. ఈ సంగతి సీఐఏ సొంత చరిత్రలోనే ఉంది. పాన్‌కేకు కథకు ప్రయోగశాల పరీక్ష దక్కింది. సర్కారు విమానాన్ని కళ్లారా చూసినవాడికి భ్రమపడ్డాడన్న పేరు దక్కింది.

1969 డిసెంబరులో బ్లూ బుక్‌ను మూసేశారు. 701 ఫైళ్లకు ఏ జవాబూ అతకలేదు. అవన్నీ ఇప్పుడు అమెరికా నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి, ఎవరైనా చదువుకోవచ్చు. సాక్షుల పేర్లు కొట్టేశారు. అధికారుల జవాబులు అలాగే ఉంచారు.