అద్దె కూతగాడు

సంక్రాంతి దగ్గర పడిందంటే వాడపల్లి, దామరచర్ల, మిర్యాలగూడ చుట్టుపక్కల ఒకాయనకు గిరాకీ పెరుగుతుంది. కబడ్డీ గెస్ట్ ప్లేయరు. వయసు 34 అంటాడు, చాన్నాళ్లుగా అదే వయసు. పొద్దున ఒక ఊరి బనియన్, సాయంత్రం ఇంకో ఊరి బనియన్. ఆ రెండు ఊళ్లూ ఫైనల్లో ఎదురుపడితే మాత్రం ఆయనకు కాలు బెణుకుతుంది. ఎవరు ఎక్కువిస్తారో తేలాక కుంటు పోతుంది.

“అన్నా, రేపు జర రావాలె.”

“వస్త తమ్మీ. దారి ఖర్చులెట్ల?”

దారి ఖర్చులంటే పెట్రోలు కాదు. గెలిస్తే షీల్డు ఊరికి, పైసలు తనకు; ఓడితే సగం. బిర్యానీ సంగతి వేరే మాట్లాడాలి.

ఈయనకు పెద్దన్నలు అమెరికాలో ఉన్నారు. 1891లో నైస్మిత్ మాస్టారు బుట్టలు వేలాడదీసి బాస్కెట్‌బాల్ మొదలెట్టిన అయిదేళ్లకే ట్రెంటన్ కుర్రాళ్లు వైఎంసీఏతో పొసగక, హాలు అద్దెకు తీసుకుని, టికెట్లు పెట్టి ఆడేశారు. ఖర్చులు పోను తలా 15 డాలర్లు మిగిలాయని, కెప్టెన్ ఫ్రెడ్ కూపర్‌కు ఒక డాలరు ఎక్కువ ముట్టిందని చెప్పుకుంటారు. ఆ డాలరు దగ్గర ఎంత గొణుగుడు సాగిందో మన గెస్ట్ ప్లేయరైతే ఇట్టే చెప్పగలడు. బంతి జనంలోకి పోకుండా అప్పట్లో కోర్టు చుట్టూ పంజరంలా ఇనుప జాలీ కట్టేవారు. ఇక్కడ ఉన్నదల్లా ఒక తాడు. రెండో సగానికి అదీ జనం కాళ్ల కిందే. ఎక్కువిచ్చినవాళ్ల జట్టులోకి దూకడం అక్కడా మామూలే. 1920ల్లో న్యూయార్క్‌లోని ఒరిజినల్ సెల్టిక్స్ జట్టు తన ఆటగాళ్లతో ఒప్పందాలు రాయించుకుని ఆ దూకుడు ఆపింది. వాడపల్లి వైపు ఇంకా ఎవరూ కాగితం తేలేదు.

2014లో ప్రొ కబడ్డీ వచ్చింది. వేలంలో రాకేశ్ కుమార్ రూ.12.80 లక్షలు పలికినరోజే ఈయన తన రేటు సవరించుకున్నాడు. 2019లో సిద్ధార్థ్ దేశాయ్‌ని తెలుగు టైటాన్స్ రూ.1.45 కోట్లకు కొన్నాక మళ్లీ సవరించాడు. రెండోసారి కమిటీవాళ్లు వినలేదు.

ఒక్క విషయంలో ఆయన పరాచికాలాడడు. 2021 మార్చి 22న సూర్యాపేటలో జాతీయ జూనియర్ కబడ్డీ పోటీల ఆరంభంలోనే గ్యాలరీ కూలి వందమందికి పైగా గాయపడ్డారు. అప్పట్నుంచీ ఏ ఊరెళ్లినా ముందు గ్యాలరీ కింది కర్రలు తడిమి చూసి, ఆ తర్వాతే బేరానికి కూర్చుంటాడు.

ఆట అయ్యాక సర్పంచి శాలువా కప్పితే వద్దనడు. కమిటీ కోశాధికారి మాత్రం “పైసలు రేపిస్తనే అన్నా” అన్నాడో, ఒంటిమీది బనియన్ విప్పడు. అది కమిటీ సొమ్ము మరి.