ఒక భూగోళము ఆత్మకథ

నల్లజర్లలోని ఒక పాఠశాలలో, సాంఘికశాస్త్రము బోధించు గదియందు, బీరువాపై నివసించు భూగోళమును నేను. ముప్పది సెంటీమీటర్ల వ్యాసమును, ఇరువదిమూడున్నర డిగ్రీల వాలును గల దేహము నాది. నా కెదురుగా గోడపై వ్రేలాడు ప్రపంచపటము విశాలమైనది, లోకమునంతటిని ఒక్క చూపున చూపగలది. అయినను దూరముల విషయమున దానిని నమ్మరాదని నా దృఢాభిప్రాయము.

2021 జనవరి 15వ తేదీన, కనుమనాడు, హైదరాబాదునుండి షికాగోకు ఎయిర్ ఇండియా విమానము నడుమ నెక్కడను దిగక పోవుట ఆరంభమైనది. సెలవుల పిమ్మట, మనుమని చేయి పట్టుకొని వచ్చిన ఒక వృద్ధురాలు గోడపటమును చాలసేపు చూచి, "ఏవండీ మాస్టారూ, మా పెద్దాడు షికాగో వెళ్ళడానికి అరేబియా మీంచీ, ఆఫ్రికా మీంచీ, ఆ పెద్ద సముద్రం మీంచీ పోవాలాండీ?" అని అడిగినది.

"కాదు మామ్మగారూ, కాశ్మీరం మీంచి పైకి పోవాలి" అని మాస్టారు నన్ను దింపి, నూలుదారపు ఒక కొనను హైదరాబాదుపై నుంచి, రెండవదానిని షికాగోపై నుంచి బిగించి లాగిరి. ఆ దారము కాశ్మీరమును దాటి, కజకిస్తాను మీదుగా ఉరల్ పర్వతములను సమీపించి, ఉత్తర హిమసముద్రమున డెబ్బది తొమ్మిదవ అక్షాంశము దాక పోయి, గ్రీన్‌లాండ్ మంచును, హడ్సన్ అఖాతమును దాటి షికాగోకు దిగినది. చలికాలమున మా కొల్లేటికి వచ్చు వలసబాతులును ఆ ఉత్తరదిక్కునుండియే కదా దిగుచున్నవి! దారమును కొలిచిన జానెడు బెత్తెడు. అనగా సుమారు 13,280 కిలోమీటర్లు. గోడపటముపై తిన్నగా గీచిన పడమటి దారిని పోయినచో పదునారు వేలు దాటును. గుండ్రని భూమిని బల్లపరుపు కాగితముపై పరచినప్పుడు ధ్రువప్రాంతములు సాగిపోవుటచే, దగ్గరి దారియే అచ్చట దూరముగ కనబడును.

గంటకు తొమ్మిది వందల కిలోమీటర్ల వేగమున పదునైదు గంటలు చాలవలెను. కాని ఎదురుగాలులును, చుట్టుదారులును, ఎక్కుట దిగుటలును కలిసి పదునేడు గంటలకు కొంచెము తక్కువ పట్టుచుండెను. అన్ని గంటలును విమానము ఎగురు ఎత్తు పదునొకండు కిలోమీటర్లు మాత్రమే. నా దేహముపై అది ఆ దారపు మందమును మించదు. మధ్యాహ్నము బయలుదేరిన పెద్దవాడు అదేనాటి సాయంకాలమున అచ్చట దిగునని విని ఆమె తెల్లబోయినది. చలికాలమున షికాగో గడియారము మనకంటె పదునొకండున్నర గంటలు వెనుక నడచుననియు, ఉదయము ఎనిమిదింటికి ఫోను చేసినచో అచ్చట ముందురోజు రాత్రి ఎనిమిదిన్నర యగుననియు మాస్టారు ఓపికతో చెప్పిరి.

"భూమి తిరుగుతోంది కదండీ, విమానం పైకెళ్ళి అక్కడే ఆగితే అమెరికాయే కిందకి రాదా?" అని బాలు డడిగెను. ఎంత చక్కని ప్రశ్న! గాలియు భూమితోడనే తిరుగుచున్నది, విమానము ఆ గాలిలోనే యున్నది. కావున దారి నంతయు తానే ఎగిరి దాటవలెను.

అంతట మామ్మగారు తన చెల్లెలి కూతురుండు డల్లాసుకును కొలువు మనిరి. ఈమారు దారము 14,400 కిలోమీటర్లకు సాగి, ఎనుబదియైదవ అక్షాంశమును దాటి, నా ఉత్తరధ్రువమున బిగించిన ఇత్తడి బిళ్ళకు తగిలి పక్కకు జారగా, బాలుడు గోటితో దానిని అంచున అదిమి పట్టుకొనెను.